ముందుగది పని డైరీ: పేము కుర్చీ, మచ్చల అద్దం, ఆగిపోయిన గడియారం

1వ రోజు

ముందుగది కొలతలు తీశాను. పొడవు 12 అడుగులు, వెడల్పు 10. గుమ్మం లోపలి కొలత 31 అంగుళాలు. ఈ మూడో అంకె మొదటి రెండిటికంటే ముఖ్యం. పోయినసారి ముచ్చటపడి తెచ్చిన అలమర గుమ్మంలో పట్టక రాత్రంతా బయటే నిలబడింది, తెల్లారి అదే బండిలో వెనక్కి వెళ్లిపోయింది. అప్పటి నుంచి కొలత టేపు నా బ్యాగులోనే ఉంటోంది.

ఇప్పుడు గదిలో ఉన్నవి ఒక సోఫా, ఒక టీవీ, నెత్తిన తెల్లటి ట్యూబులైటు. ఎవరైనా వస్తే కూర్చుంటారు కానీ కుదురుగా కూర్చోరు, నంబరు పిలిస్తే లేచి వెళ్లడానికి సిద్ధంగా ఉన్నట్టు అంచు మీద కూర్చుంటారు. నాక్కావలసింది సాయంత్రం పూట కాళ్లు ముడుచుకుని కూర్చుని పుస్తకం తెరవగలిగే మూల ఒకటి. కొత్తవి కొనకుండా, ఎవరికో అక్కర్లేక బయటపడ్డ పాత వస్తువులు తెచ్చి, నాకు చేతనైనంత బాగుచేసి ఆ మూల కుదుర్చుకోవాలని ఆలోచన. ఆరు వారాలు గడువు పెట్టుకున్నాను.

పేర్ల గురించి ఒక మాట. నూరేళ్లు దాటిన వస్తువునే యాంటిక్ అనడం వ్యాపారంలో ఉన్న పద్ధతి. వింటేజ్ అనే మాటకు అలాంటి గట్టి గీత లేదు, అమ్మేవాడి నోటిని బట్టి సాగుతుంది. నేను తెచ్చేవి యాంటిక్‌లు కావు, కానక్కర్లేదు కూడా.

2వ రోజు

నాలుగు వస్తువులు దొరికాయి: సీటు చిరిగిన పేము కుర్చీ, చిన్న గుండ్రటి బల్ల, ఇత్తడి టేబుల్ ల్యాంపు, తోలు సూట్‌కేసు. తెల్ల పెయింటు వేసిన షెల్ఫు ఒకటి కూడా మనసు లాగింది. పెయింటు పొరలు పొరలుగా పెచ్చులూడుతూ అందంగా కనిపించింది. అందుకే వదిలేశాను. పాత పెయింట్లలో సీసం ఉండడం మామూలే. అమెరికాలో ఇళ్లకు వేసే పెయింటులో సీసాన్ని నిషేధించింది 1978లో. అంతకుముందు వేసినదో తరువాత వేసినదో తెలియని పెయింటును గీకితే వచ్చే దుమ్ము పిల్లలు తిరిగే ఇంట్లో ఉండకూడదు. గీకకుండా అలాగే ఉంచుదామంటే పెచ్చులు రాలుతూనే ఉంటాయి. అంత టెన్షన్ నాకెందుకు?

కుర్చీని మాత్రం కొనకముందే తలకిందులు చేశాను. పాత వస్తువును పైనుంచి చూస్తే అది చెప్పాలనుకున్నదే చెబుతుంది, అసలు సంగతి అడుగున ఉంటుంది. కాళ్లు కదులుతున్నాయా, స్క్రూలు మార్చారా, ఎక్కడైనా మేకు దిగ్గొట్టి సరిపెట్టారా అని టార్చి వేసి చూశాను. మేకులు లేవు. వెనక వీపు, వెనక కాళ్లు రెండూ కలిపి ఒకే కర్ర, వంచి తిప్పినది. ఈ మోడల్ నాకు పరిచయమే. ఫర్నిచర్ తయారీదారు మైకేల్ థోనెట్ 1859లో తీసుకొచ్చిన 14వ నంబరు కుర్చీకి ఇది దూరపు చుట్టం. బీచ్ అనే చెట్టు కర్రను ఆవిరిలో మెత్తబరచి, ఇనుప అచ్చులో వంచి ఆరబెట్టేవారు. మొత్తం కుర్చీకి 6 చెక్క ముక్కలు, 10 స్క్రూలు, 2 నట్లు. విడదీస్తే ఘనమీటరు పెట్టెలో 36 కుర్చీలు పట్టేవట. విడిభాగాలుగా పంపి అక్కడ బిగించుకోమనే పద్ధతి నిన్నమొన్నటిది అనుకుంటాం కానీ, దానికి అంత వయసుంది.

నా కుర్చీ మీద ఏ ముద్రా లేదు, చీటీ లేదు. నకలే. నకలైనా వంపు మాత్రం అసలు వంపే.

3వ రోజు

తెచ్చినవేవీ లోపలికి రానివ్వలేదు. వెనక వసారాలో, ఒక్కోదాని కింద ఒక్కో నల్ల కాగితం పరిచి పెట్టాను. కారణం కుర్చీ ముందు కాలికి ఉన్న మూడు బెజ్జాలు. గుండుసూది గుచ్చినంత. పుచ్చు పురుగు తొలుచుకుని బయటికి వెళ్లిపోయిన దారులవి. ఎప్పుడో వెళ్లిపోయిందా, ఇంకా లోపల కాపురముందా అన్నది బెజ్జం చూస్తే తెలియదు, పొడి చూస్తే తెలుస్తుంది. లోపల తింటూ ఉంటే పిండిలాంటి కొత్త పొడి రాలుతుంది. నల్ల కాగితం మీద అది వెంటనే కనిపిస్తుంది. రెండు వారాలు చూద్దాం.

సూట్‌కేసు కుట్లలో, మూలల్లో నల్లి కోసం పాత బ్యాంకు కార్డు అంచుతో గీసి చూశాను. ఏమీ లేదు. వాసన మాత్రం ఉంది, దాని కథ తరువాత.

8వ రోజు

ఈ రోజు జరిగింది రాయాలని లేదు, కానీ రాయకపోతే డైరీ ఎందుకు.

గుండ్రటి బల్ల మీద రెండు తెల్లటి వలయాలున్నాయి. ఎవరో ఎప్పుడో తడి గ్లాసులు పెట్టిన గుర్తులు. చుట్టూ పాలిష్ నల్లబడి, జిడ్డుగా ఉంది. శుభ్రంగా గరుకు కాగితం పట్టి, పాతదంతా తీసేసి, కొత్త వార్నిష్ వేద్దామనుకున్నాను. 120 నంబరు కాగితం తీసుకుని మొదటి వలయం మీద మొదలుపెట్టాను. అయిదు నిమిషాల్లో వలయం పోయింది. కింద ఎర్రటి కర్ర బయటపడింది, రేఖలు వానలో తడిసిన రాయిలా మెరిశాయి. హుషారు వచ్చింది. ఇంకో పది రుద్దులు.

అప్పుడు మధ్యలో రూపాయి బిళ్ళంత మేర పాలిపోయింది. దుమ్మేమో అనుకుని ఊదాను. పోలేదు. వేలు పెట్టి చూశాను. రేఖలు అక్కడ ఆగిపోయి, అడ్డంగా వెళ్లే వేరే రేఖలు, వేరే రంగు కర్ర కనిపించింది. ఎర్రది పైన అతికించిన వెనీర్ పొర మాత్రమే. దాని మందం అర మిల్లీమీటరు ఉంటుందేమో, నా పది రుద్దులకు అరిగిపోయింది.

బల్ల అంచును పక్కనుంచి చూసి ఉంటే ఆ పొర గీత కనిపించేది. కుర్చీని తలకిందులు చేసి అంత సేపు చూసిన మనిషిని, బల్ల అంచు చూడలేదు.

9వ రోజు

బల్ల కాలు ఒకటి ఎలాగూ వదులుగా ఉంది కాబట్టి ఒక వడ్రంగి పెద్దాయన దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన కాలు సంగతి అడగలేదు. పైన మచ్చ చూసి, బొటనవేలితో దాని చుట్టూ తడిమి, “అమ్మా, దుమ్ము తుడవమంటే చర్మం ఒలిచావు” అన్నాడు.

తరువాత రెండో వలయం చూపించి, “ఇది ఏ పాలిషో చూశావా?” అని అడిగాడు. చూడలేదు. దూదికి కాస్త స్పిరిట్ అంటించి, బల్ల అడుగు అంచున, ఎవరికీ కనిపించని చోట ఒక్క చుక్క రాశాడు. నిమిషంలో అక్కడ జిగటగా అయింది, దూదికి గోధుమ రంగు అంటింది. లక్క పాలిష్ అన్నమాట. స్పిరిట్‌కు కరిగితే లక్క, దానికి కరగకుండా థిన్నర్‌కు కరిగితే లాకర్ అనే ఇంకో రకం పూత, రెండిటికీ చలించకపోతే వార్నిషో పాలీయురేథేన్ పూతో. ఒక్క చుక్కతో తేలిపోయే విషయం.

ఆ తరువాత ఆయన చేసింది చూసి నాకు నిద్ర పట్టలేదు. మెత్తటి నూలు గుడ్డను ఉండలా చుట్టి, స్పిరిట్‌లో ముంచి, గట్టిగా పిండి, చేతి వెనక వైపు అద్ది చూసుకున్నాడు. తడి తగలకూడదు, చల్లదనం మాత్రమే తగలాలి. ఆ గుడ్డను రెండో వలయం మీద, ఆగకుండా, ఎగిరే పిట్ట నీళ్లను తాకినట్టు తాకిస్తూ నాలుగుసార్లు లాగాడు. వలయం కళ్లముందే పలచబడి మాయమైంది. ఆ తెల్లదనం కర్రలో లేనే లేదు, లక్క పొరలో చిక్కుకున్న తేమ అది. స్పిరిట్ ఆ పొరను కాస్త కరిగించి మళ్లీ కూర్చేసరికి తేమ వెళ్లిపోయింది. నేను అంతసేపు రుద్ది పాడుచేసిన పని అర నిమిషం.

ఒక చోట ఆగితే మాత్రం గుడ్డ అంటుకుపోయి పాలిష్ చిరుగుతుందని కూడా చెప్పాడు.

లక్క అంటే లక్క పురుగులు చెట్ల కొమ్మల మీద కట్టే గూడే. దాన్ని కరిగించి, వడగట్టి, అప్పడంలా సాగదీసి, ముక్కలు చేస్తే షెల్లాక్ పెచ్చులు. పాండవుల ఇల్లు అంటుకున్నదీ దీనితోనే, అందుకని స్పిరిట్ కలిపిన లక్క పాలిష్ సీసా పొయ్యి దగ్గర, దీపం దగ్గర పెట్టకూడదని నేను విడిగా రాయక్కర్లేదు.

కాలి సంగతి కూడా ఆయనే తేల్చాడు. కీలులో పాత జిగురు గోధుమరంగు గాజు పెంకుల్లా రాలుతోంది. దాని మీదే కొత్త జిగురు పోస్తే పట్టదట. వేడినీళ్ల గుడ్డ చుట్టి మెత్తబరచి, పాతదంతా గీకి, అప్పుడు కొత్తది. జంతువుల తోలు, ఎముకలతో చేసే పాతకాలపు జిగురుకు ఉన్న మంచి గుణం అదే: వేడికీ తడికీ లొంగుతుంది, కర్ర విరగకుండా విడిపోతుంది.

17వ రోజు

నల్ల కాగితం మీద రెండు వారాలుగా ఏమీ రాలలేదు, ఒక సాలీడు తప్ప. కుర్చీ లోపలికి వచ్చింది.

సీటు చిరిగిన పేము. కుర్చీ సీటు చట్రం చుట్టూ బెజ్జాలుంటే చేత్తో అల్లినది, చుట్టూ గాడి ఉంటే మిషను మీద నేసిన చాపను నొక్కి బిగించినది. నాది బెజ్జాలది. అంటే కష్టం ఎక్కువ. బెజ్జానికి బెజ్జానికి మధ్య దూరాన్ని బట్టి బద్ద వెడల్పు ఎంచుకోవాలి. నా కుర్చీకి అర అంగుళం ఎడం ఉంది, కాబట్టి సన్న బద్ద. ఈ బద్ద వెదురుది కాదు. పేము తాటి జాతికి చెందిన పొడుగాటి తీగ. దాని పైతోలు చీలిస్తే వచ్చేది ఈ బద్ద, ఒక వైపు నున్నగా మెరుస్తుంది, రెండో వైపు గరుకు.

పాత అల్లిక కోసి తీశాను. పారెయ్యలేదు, గోడకు తగిలించాను. ముందు దాన్ని చూసి నేర్చుకోవాలి కదా.

18–23 రోజులు

రోజుకు రెండు గంటలు. ఇది పుస్తకంలో బొమ్మ చూస్తే సులువు, చేతిలో వేరు.

బద్దలను గోరువెచ్చని నీళ్లలో పదిహేను నిమిషాలు నానబెట్టాలి. ఎక్కువసేపు ఉంటే నల్లబడుతుంది, తక్కువైతే బెజ్జం అంచున పుటుక్కున విరుగుతుంది. నున్నటి వైపు పైకి ఉండాలి. మెలి పడనివ్వకూడదు. కొస వదులు కాకుండా బెజ్జంలో చిన్న కర్ర మేకు దూర్చి ఆపాలి. నేను పాత పెన్సిళ్లను చెక్కి వాడాను.

మామూలు అల్లికకు ఏడు దశలు. మొదట వెనక నుంచి ముందుకు నిలువు బద్దలు. దాని మీద అడ్డం, ఏమీ అల్లకుండా పైపైన. మళ్లీ అదే బెజ్జాల్లో ఇంకో వరస నిలువు, మొదటి నిలువుకు కుడి పక్కగా. ఇంతవరకూ పిల్లలైనా చేస్తారు. నాలుగో దశలో అల్లిక మొదలు: అడ్డంగా వెళ్లే బద్ద ఒక నిలువు మీదుగా, దాని జత కిందుగా వెళ్లాలి. ఇక్కడే నాకు మొత్తం సాయంత్రం పట్టింది. సీటు మధ్యకు వచ్చేసరికి ముందు వేసిన బద్దలు బిగుసుకుని, వేలు దూరదు. ఎడం చేయి కింద, కుడి చేయి పైన, ఒకటి దూర్చితే ఇంకొకటి అందుకోవడం. నాలుగో దశ అయ్యాక నాలుగేసి బద్దలు జతలుగా కూడి, చిన్న చిన్న చదరాలు కనిపించాయి. అవి సమంగా ఉంటేనే తరువాతి రెండు దశలు సాగుతాయి.

అయిదు, ఆరు ఐమూలగా. ఒక దిక్కు ఐమూల బద్ద నిలువు జతల మీదుగా, అడ్డ జతల కిందుగా పోతుంది. ఎదురు దిక్కుది సరిగ్గా తిరగేసి. సరైన దారిలో వెళ్తే బద్ద చదరం మూలలోకి జారి, హాయిగా సర్దుకుంటుంది. తప్పు దారిలో వెళ్తే ప్రతి మలుపులో గీరుకుంటూ, చేతికి ఎదురు తిరుగుతుంది. నేను అయిదో దశలో సగం సీటు అల్లాక కానీ ఆ గీరుకునే చప్పుడు ఎందుకో అర్థం కాలేదు. విప్పి మళ్లీ వేశాను. రెండోసారి చప్పుడు లేదు. గోడ మీద పాత అల్లిక ముక్క అంతా చెబుతూనే ఉంది, నేనే చూడలేదు.

ఏడోది అంచు పట్టీ. బెజ్జాల మీద వెడల్పాటి బద్ద పరిచి, సన్న బద్దతో ప్రతి బెజ్జం దగ్గరా కుట్టినట్టు బిగించడం. అప్పటికి నా చూపుడు వేలు పక్కన రెండు కోతలు, బొటనవేలికి పొక్కు.

24వ రోజు ఉదయం సీటు మీద వేలితో మీటితే తప్పెట చర్మంలా టంగుమంది. ఆరేకొద్దీ బద్ద బిగుస్తుంది కదా. కుర్చీ చట్రానికి మాత్రం ఏమీ చేయలేదు. సబ్బు నీళ్ల గుడ్డను బాగా పిండి తుడిచాను, పలచగా మైనం రాశాను. చేతులు ఆనే చోట రంగు అరిగి తేనె రంగులో ఉంది. అక్కడ కొత్త పాలిష్ వేస్తే ఆ చేతులు పోతాయి.

26వ రోజు

అద్దం వచ్చింది. టేకు చట్రం, కింద అంచున నల్లటి చుక్కలు, ఎడమ మూలలో మబ్బులాంటి మచ్చ. అమ్మిన మనిషి పాపం మంచివాడే, “అద్దం మార్పించుకోండి మేడమ్, చట్రం గట్టిది” అన్నాడు. నాకు కావలసింది ఆ అద్దమే.

పూర్వం గాజు వెనక తగరం, పాదరసం కలిపిన పూత వేసేవారు. ఆ పని చేసేవాళ్ల ఒంట్లోకి పాదరసం చేరేది. 1835లో యూస్టస్ ఫాన్ లీబిగ్ అనే జర్మన్ రసాయన శాస్త్రవేత్త గాజు మీద వెండి పొర పేరుకునేలా చేసే పద్ధతి కనిపెట్టాడు. తరువాతి అద్దాలు ఆ దారిలోనివే. వెండి పొరకు వెనక రక్షణ పూత వేస్తారు. అది ఎక్కడ పగిలి తేమ లోపలికి వెళ్తే అక్కడ వెండి నల్లబడుతుంది, అందుకే మచ్చలు ఎక్కువగా కింది అంచున మొదలవుతాయి. తుడిచేటప్పుడు అద్దం మీద నేరుగా నీళ్లు చల్లితే అవి జారి చట్రం గాడిలో నిలుస్తాయి, కొత్త మచ్చకు అదే విత్తనం. గుడ్డ మీద చల్లి, ఆ గుడ్డతో తుడవాలి.

చట్రం ఎండిపోయినట్టుంటే అవిసె నూనె పలచగా పట్టించాను. గుడ్డను నలిపి చెత్తబుట్టలో పడెయ్యలేదు. ఈ నూనె ఆరేటప్పుడు గాలిలో ఆక్సిజన్‌తో కలిసి వేడెక్కుతుంది, ఉండలా ఉన్న గుడ్డ దానంతటదే అంటుకోగలదు. తీగ మీద ఒంటి పొరగా ఆరేశాను.

ఎక్కడ పెట్టాలనేదే పెద్ద తగువు అయింది. కిటికీకి ఎదురుగా పెడితే పగలు బాగుంది, కానీ సోఫాలో కూర్చున్నవాళ్లకు వాళ్ల ముఖమే కనబడుతోంది, ఎవరికీ నచ్చదు. కిటికీ పక్క గోడకు మార్చాను. ఇప్పుడు వెలుతురు ఏటవాలుగా పడి, గది లోపలి మూలకు వెళ్తోంది. రెండు స్క్రూలు, రెండు వైపులా డి-రింగులు, అంటే తగిలించడానికి డి ఆకారపు కొంకీలు. ఒకే మేకుకు బరువైన అద్దం వేలాడదీసే ధైర్యం నాకు లేదు.

28వ రోజు

ల్యాంపు. ముందు అయస్కాంతం పెట్టి చూశాను, అంటుకోలేదు. అంటుకుంటే లోపల ఇనుము, పైన ఇత్తడి పూత. పాలిష్ పట్టించాలనిపించింది, నిజం చెప్పాలంటే చెయ్యి దురద పుట్టింది. బల్ల గుర్తొచ్చింది. ఒంపుల్లో ఆకుపచ్చ కిలుము మాత్రం తీసి, ఎత్తుగా ఉన్న చోట్ల పొడి గుడ్డతో రుద్ది ఆపాను. లోతుల్లో నల్లదనం ఉండబట్టే లతలు కనిపిస్తున్నాయి. అంతా ఒకేలా మెరిస్తే కొత్తగా అచ్చుపోసినదానిలా ఉండేది.

వైరు రబ్బరు మాత్రం వంచితే పొడిపొడిగా రాలింది. ఈ విషయంలో పాతదనం మీద ప్రేమ పనికిరాదు. ఎలక్ట్రీషియన్ చేత హోల్డరు, వైరు, ప్లగ్గు మూడూ మార్పించాను. లోహపు ఒళ్లు కాబట్టి ఎర్త్ ఉన్న మూడు తీగల వైరు. బల్బు 2700 కెల్విన్ ఎల్‌ఈడీ, ఆ అంకె ఎంత తక్కువైతే వెలుతురు అంత పసుపుగా, వెచ్చగా ఉంటుంది. నెత్తిన ఉన్న ట్యూబులైటు 6500. గది వెచ్చగా లేకపోవడానికి కారణం ఫర్నిచర్ అనుకుని ఇన్ని రోజులు తిరిగాను. మొదటి రోజే ఈ బల్బు కొని ఉంటే సగం పని అయ్యేది.

30వ రోజు

సూట్‌కేసు. వంటసోడా పరిచి వారం ఉంచాను, ఎండలో పెట్టాను, బొగ్గు సంచి పెట్టాను. మూత తీస్తే అదే నేలమాళిగ వాసన. లోపలి అస్తరు గుడ్డలో బూజు దిగింది. అస్తరు చింపి కొత్తది వెయ్యొచ్చు, కానీ నాకు దాని మీద అంత ప్రేమ లేదని అప్పుడే తెలిసింది.

32–35 రోజులు

గడియారం వచ్చింది. ఇది లెక్కలో లేదు. అయినా గోడ గడియారం, లోలకం, కీ ఇస్తే ఎనిమిది రోజులు నడిచేది, గంటలు కొట్టేది. ఎలా వదలను? అమ్మినచోట నడిచింది, ఇంట్లో పది నిమిషాలకే ఆగింది.

మిషను పాడైందని బెంగపడ్డాను. తీరా చూస్తే పాడైంది గడియారం కాదు, నా గోడ. లోలకం గడియారం టిక్కుకూ టాక్కుకూ మధ్య ఎడం సమానంగా ఉండాలి. నాది టిక్‌టాక్, ఖాళీ, టిక్‌టాక్, ఖాళీ అని కుంటుతోంది. కళ్లు మూసుకుని, పెట్టెను కింది నుంచి వెంట్రుకవాసి కుడికి, మళ్లీ వెంట్రుకవాసి జరుపుతూ విన్నాను. ఒక చోట చప్పుడు సమమైంది. అక్కడ గోడ మీద పెన్సిల్ గీత గీశాను. చూస్తే పెట్టె కాస్త వంకరగా ఉన్నట్టుంది. ఉండనీ, నడుస్తోంది.

రోజుకు ఆరు నిమిషాలు వెనకబడుతోంది. లోలకం ఎంత పొడుగైతే అంత నెమ్మది, బరువు ఎంతన్నది లెక్కలోకి రాదు. 99.4 సెంటీమీటర్ల లోలకం ఒక వైపు నుంచి ఇంకో వైపుకు సరిగ్గా సెకనులో వెళ్తుంది, అందులో నాలుగో వంతు పొడుగున్నది అర సెకనులో. నాది ఇంచుమించు 25, అంటే నిమిషానికి 120 టిక్కులు. లెక్కపెట్టబోయి ఎనభై దగ్గర తప్పాను. 1656లో డచ్ శాస్త్రవేత్త హైగెన్స్ మొదటి లోలక గడియారం తయారుచేసినప్పుడు ఎంత ఓపిక పట్టి ఉంటాడో. లోలకం కింద చిన్న నట్టు ఉంటుంది, పైకి తిప్పితే పొడుగు తగ్గి వేగం పెరుగుతుంది. మొదటి రోజు నేను కిందికి తిప్పాను. పద్నాలుగు నిమిషాలు వెనకబడింది.

ముల్లు సరిచేసేటప్పుడు వెనక్కి తిప్పకూడదు, ముందుకే తిప్పాలి. ప్రతి గంట దగ్గరా ఆగి, అది కొట్టడం పూర్తయ్యేదాకా వినాలి. పదకొండు, పన్నెండు దగ్గర ఓపిక పోయి ఒకసారి కొట్టకముందే దాటించేశానేమో.

38వ రోజు

చెల్లి వచ్చింది. గుమ్మంలోనే ఆగిపోయి, “అక్కా, ఇది ఇల్లా, పాత సామాను కొట్టా?” అంది.

కోపం వచ్చింది. తరువాత తను నిలబడ్డ చోట నేనూ నిలబడి చూశాను. కుర్చీ, బల్ల, ల్యాంపు, అద్దం, గడియారం, సూట్‌కేసు, ఇవి కాక మధ్యలో చేరిన ఎనామెల్ జగ్గు, మూడు ఖాళీ ఫ్రేములు, ఒక టైప్‌రైటరు. ప్రతిదీ ‘నన్ను చూడు’ అంటోంది. ఏది చూడాలో తెలియక కళ్లు అలసిపోతున్నాయి.

ఇద్దరం కలిసి అన్నీ బయట పెట్టేశాం, సోఫా కూడా. ఖాళీ గదిలో ముందు ల్యాంపు పెట్టాం. కూర్చున్నప్పుడు షేడ్ కింది అంచు కళ్ల ఎత్తులో ఉంటే బల్బు కంట్లో పొడవదు, పుస్తకం మీద వెలుతురు పడుతుంది. దానికోసం కుర్చీని జరిపాం. కుర్చీ కోసం బల్లను. మిగతావి వాటి వంతు వచ్చినప్పుడు లోపలికి. టైప్‌రైటరు వంతు రాలేదు. జగ్గు చెల్లి తీసుకుంది. సూట్‌కేసు వెళ్లిపోయింది, నాటకాల వాళ్లకు కావాలన్నారు, వేదిక మీద వాసన కనబడదు కదా. అద్దానికి ఎదురు గోడ మీద ఏమీ పెట్టలేదు. ఫ్రేములు పెట్టబోతే చెల్లి చెయ్యి పట్టుకుంది.

“ఆ గోడకు కూడా ఏదో ఒకటి కావాలిగా?”

“గోడకు గోడ ఉంది కదా అక్కా.”

41వ రోజు

బల్ల ఆఖర్న. లక్క పెచ్చులు స్పిరిట్‌లో రాత్రంతా నానబెట్టి, పలచగా చేసి, అరిగిన మచ్చ మీద గుడ్డ ఉండతో పూసి, ఆరాక మళ్లీ పూసి, అలా తొమ్మిది పొరలు. రెండో పొర తరువాత మచ్చలో చిత్రకారులు వాడే రంగుతో సన్న కుంచె పట్టి ఎర్ర రేఖలు గీశాను. దూరం నుంచి కలిసిపోయింది. దగ్గరికి వస్తే కనిపిస్తుంది, రేఖలు అక్కడ కాస్త వణుకుతాయి. ల్యాంపును దాని మీద పెట్టి కప్పేద్దామనుకున్నాను. పెట్టాను కూడా. వెలుతురు అంచుకు వెళ్లిపోయి కుర్చీకి అందలేదు. మళ్లీ పక్కకు జరిపాను.

43వ రోజు

సాయంత్రం ట్యూబులైటు వెయ్యలేదు. చెల్లి కుర్చీలో కూర్చుంది, పేము ఒకసారి కిర్రుమని సర్దుకుంది. కాళ్లు పైకి ముడుచుకుని ఫోను తీసింది, తరువాత అది బల్ల మీద బోర్లించి నా పుస్తకం తీసుకుంది. అంచు మీద కూర్చోలేదు. అద్దంలో ల్యాంపు ఇంకొకటి వెలిగినట్టుంది, మచ్చ దగ్గర కాస్త మసకగా.

గడియారం ఎనిమిది చూపిస్తూ ఏడు కొట్టింది. చెల్లి తల ఎత్తి నావైపు చూసింది. దాని సంగతి ఆదివారం చూడాలి.